రెండో పొయ్యి

మా ఇంట్లో వేరు కుంపటి పెట్టించింది కోడళ్ళం కాదు, మా అత్తగారు. ఎవరితో చెప్పినా నమ్మరు. ఏ ఇంట్లోనైనా ఇల్లు రెండయిందంటే ముందు కోడళ్ళనే అంటారు. మా ఇంట్లో మాత్రం ఆవిడే నడుం బిగించి, దగ్గరుండి చేయించింది. అది కూడా మేమంతా కలిసి ఉండాలనే.

ఆ ఏడాది వానలు మొదలైన కొత్తలో యూనివర్సిటీ వాళ్ళు మా వీధి వాళ్ళందరినీ పిలిచి సభ పెట్టారు. చల్లటి హాలు, మెత్తటి కుర్చీలు, టీ, బిస్కెట్లు. మా వీధి యూనివర్సిటీ వెనక గోడని ఆనుకుని ఉండేది. వాళ్ళ విద్యార్థులు రాసిన థీసిస్‌లని కుట్టి, అట్టలు వేసి, వీపు మీద బంగారు అక్షరాలు కొట్టి ఇచ్చే షాపు మాది. ముందు షాపు, వెనక ఇల్లు. మామగారి కాలం నుంచీ ఆ గోడ నీడలోనే మా బతుకు. ఇన్నేళ్ళలో ఆ హాల్లోకి మమ్మల్ని రమ్మనడం అదే మొదటిసారి. అంత మర్యాద చేస్తున్నారంటేనే మనకేదో మూడిందని నాకనిపించింది.

బల్ల మీద ఒక బొమ్మ ఊరు పెట్టారు. అద్దాల భవనాలు, పరిశోధన కేంద్రాలు, నడిచే దారులు, అగ్గిపుల్లలంతేసి మనుషులు. మా అత్తగారు కళ్ళజోడు సర్దుకుని దాని చుట్టూ తిరిగి తిరిగి చూసింది.

"మనిల్లు ఏదే పెద్దదానా?" అంది నాతో. నేను పెద్దదాన్ని, నా తోడికోడలు చిన్నది. ఆవిడ నోట మా పేర్లు ఎప్పుడూ పలకలేదు.

వెతికి చూపించాను. "ఇదిగో, ఇక్కడ చెట్టు పెట్టారు చూడండి. అదే మనిల్లు."

"ఆ చెట్టు కూడా సరిగ్గా అంటించలేదు. జిగురు బయటికి కనపడుతోంది," అంది. జిగురు విషయంలో మా ఇంటివాళ్ళని మెప్పించడం ఎవరి తరమూ కాదు. ఇప్పుడక్కడ అద్దాల భవనం ఉంది. చెట్టు మాత్రం ఇంకా నాటలేదు.

వీధి మొత్తం తీసేస్తారట. ఊరికే పొమ్మనడం లేదు, కుటుంబానికొక ఫ్లాటు ఇస్తారట. ఫ్లాటుకి రెండు గదులు. కుటుంబం అంటే ఏమిటో కూడా మైకులో ఓపిగ్గా వివరించారు. ఒకే వంటగదిలో వండుకుని తినేవాళ్ళంతా ఒక కుటుంబం. సర్వేకి మనిషొచ్చి వంటగదులు చూసి రాసుకుంటారు. సొంత అన్నదమ్ములైనా సరే, వంటలు వేరైతే రెండు కుటుంబాలు, రెండు ఫ్లాట్లు.

మాది ఒకటే వంటగది. అత్తగారు, మా ఆయన, నేను, మరిది, తోడికోడలు, వాళ్ళ పాప. పాపని ఇంటిల్లిపాదీ గువ్వ అనేవాళ్ళం. బయటికి రాగానే అత్తగారు దారిలోనే మొదలుపెట్టింది.

"రెండు గదుల్లో ఇంతమందిమి ఎలా పడుకుంటాం? అట్టల్లాగా ఒకళ్ళ మీద ఒకళ్ళం పేర్చుకుంటామా? వాళ్ళకి కావలసింది పొయ్యేగా. ఇంకో పొయ్యి పెట్టండి. అన్నదమ్ములు కాబట్టి రెండు ఫ్లాట్లూ పక్కపక్కనే ఇస్తారు. తర్వాత మధ్య గోడకి తలుపు కొట్టించుకుంటే మనిల్లు మనదే. ఎవరడుగుతారు?"

"అమ్మా, నువ్వు ఆ యూనివర్సిటీ గోడకి అవతలవైపు పుట్టాల్సినదానివి," అన్నాడు మరిది.

నవ్వుకుంటూ ఇంటికొచ్చాం. తెల్లారి పని మొదలుపెట్టాం.

ఇల్లు రెండు కావాలంటే ముందు గోడ కావాలి. ఏ రేకో నిలబెట్టి ఊరుకోవచ్చు. కానీ నాసిరకం పని చేయడం మా ఇంటి అన్నదమ్ములకి రాదు. చెక్క చట్రం కట్టి, థీసిస్‌లకి వేసే మందపాటి బూడిదరంగు అట్టల్ని రెండువైపులా పొరలు పొరలుగా అంటించారు. మూలలు గుండ్రంగా తిప్పారు. పైన బైండింగు గుడ్డ ముడత లేకుండా లాగి, సున్నం వేశారు. వాన తేమకి జిగురు ఆరకపోతే ఇంట్లో ఉన్న ఫ్యాన్లన్నీ దానివైపే తిప్పి, మేమందరం ఉక్కపోతలో కూర్చున్నాం. మరీ కొత్తగా కనపడుతోందని మరిది టీ నీళ్ళతో తుడిచి దానికి వయసు తెచ్చాడు. మా ఆయన ఆఖరికి దాన్ని అరచేత్తో నిమిరి, "మన తర్వాత కూడా ఉంటుందిరా ఇది," అన్నాడు. కూల్చేయబోయే ఇంట్లో కట్టిన గోడ గురించి అన్న మాట అది.

వెనక వసారాలో అటక మీది పాత కిరోసిన్ స్టవ్వు దించి పెట్టాం. అది తోడికోడలి వంటగది. గోడ మరీ తెల్లగా ఉందని అత్తగారు గుడ్డపేలికలు కాల్చి మసి పట్టించింది. తోడికోడలు నాలుగు గిన్నెలు పట్టుకెళ్ళి అక్కడ బోర్లించింది. గువ్వకి అదంతా ఆట. ఇటు దూరి అటు తేలేది. సర్వే వాళ్ళొస్తే అమ్మ వైపుకి పరుగెత్తాలని చెబితే, ఎవరూ రాకపోయినా పరుగెత్తేది. ఆ రోజు అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఆ ఇంట్లో అందరం కలిసి అంతలా నవ్వడం అదే ఆఖరు.

గువ్వ సంగతి చెప్పాలి. అది పుట్టినప్పుడు తోడికోడలు మంచాన పడింది. మనిషి దక్కుతుందో లేదో అన్నారు. చంటిదాన్ని నా చేతుల్లో పెట్టారు. ఆమె లేచి తిరిగేసరికి ఏడాది పైనే అయింది. అప్పటికి పిల్ల నా ఒడి మరిగింది. ఇక అలాగే సాగింది. తోడికోడలు షాపులో పేజీలు సరిచూసి దొంతర్లు కట్టేది, నేను ఇల్లూ వంటా పిల్లా చూసుకునేదాన్ని. రాత్రి నా పక్కలోనే పడుకునేది గువ్వ. నాకు పిల్లల్లేరు. లేరని ఏడ్చే తీరిక అది నాకివ్వలేదు. అందరికీ కుదిరిందనే అనుకున్నాను.

సర్వేకి వచ్చింది ఒక పరిశోధన చేసే అమ్మాయి. వానలో తడిసి వచ్చింది. చెప్పులు గుమ్మం బయటే విడిచి, "లోపలికి రావచ్చా అమ్మా?" అని అడిగి మరీ వచ్చింది. గువ్వ బడికి వెళ్ళింది. ఆ అమ్మాయి రెండు వంటగదులూ చూసింది, గోడ చూసింది. గోడ గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. అన్నదమ్ములిద్దరికీ అందుకు కొంచెం బాధే కలిగినట్టుంది.

"ఎందుకు విడిపోయారమ్మా మీ అబ్బాయిలు?" అని అత్తగారిని అడిగింది.

చోటు చాలక అని చెప్పాలని ముందే అనుకున్నాం. కానీ మా అత్తగారికి జనం దొరికితే నోరాగదు. "అబ్బాయిలదేముంది తల్లీ, రామలక్ష్మణులు. ఈ ఆడవాళ్ళిద్దరికే పడదు. ఉప్పూ నిప్పూ. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని ఎన్నేళ్ళయిందో. ఎదురుపడితే ఇల్లు తగలడిపోతుంది," అంది.

ఇదెక్కడి కథ అనుకున్నాను. అయినా దిగాక తప్పుతుందా, ఆ అమ్మాయి నావైపు తిరగ్గానే మొహం పక్కకి పెట్టి, "ఆ మనిషి ఊసు నా దగ్గర ఎత్తకండి," అన్నాను.

ఆ అమ్మాయి పాపం జాలిగా తలాడించి, గోడ అవతలికి వెళ్ళింది. అట్టలు ఎంత మందమైనా అట్టలే. ప్రతి మాటా నాకు వినపడుతూనే ఉంది.

"ఏమిటండీ మీ ఇద్దరికీ గొడవ?"

ఒక గిన్నె ఎత్తి మళ్ళీ బోర్లించిన చప్పుడైంది. మాట అందక తడబడుతోందేమోనని నేను ఇవతల నుంచి కంగారుపడ్డాను. తర్వాత తోడికోడలు గొంతు వచ్చింది, మామూలుగానే.

"నా కూతుర్ని నాకు కాకుండా చేసింది."

"ఇంకేమైనా ఉందా?"

"ఇంకేం కావాలి."

ఆ అమ్మాయి వీధి మలుపు తిరిగేదాకా ఆగి, అందరం ఒక్కచోట చేరాం. "మిగతావాళ్ళదేం లేదు, చిన్నది అదరగొట్టింది. నాకే కళ్ళు చెమ్మగిల్లాయి," అంది అత్తగారు. "ఇంత నటన ఎక్కడ దాచావే?" అని నేను తోడికోడలి బుగ్గ గిల్లాను. ఆమె నవ్వింది, కాస్త ఆలస్యంగా. నీళ్ళు మరుగుతున్నాయంటూ వసారాలోకి వెళ్ళింది.

సర్వే వాళ్ళు చెప్పాపెట్టకుండా మళ్ళీ రావచ్చన్నారు. అందుకని రెండో పొయ్యి ఆరకుండా ఉంచాల్సి వచ్చింది. మొదట్లో ఉత్త నీళ్ళే కాచేవాళ్ళం. తర్వాత తోడికోడలు షాపు నుంచి కాస్త ముందుగా వచ్చి, ఏదో ఒక కూర అక్కడ వండి నా గిన్నెల పక్కన తెచ్చి పెట్టేది. ఆ తర్వాత తేవడం మానేసింది. మా అత్తగారు మాత్రం రెండువైపులా తిని, రెండువైపులా ఉప్పు తక్కువైందని చెప్పేది.

ఒక మధ్యాహ్నం గువ్వ బడి నుంచి వచ్చింది. సంచీ విసిరేసిన చప్పుడు వినపడింది. నేను అన్నం కలిపి కంచం చేత్తో పట్టుకుని నిలబడ్డాను. గోడ అవతల నుంచి, "అమ్మా, ఆకలి," అన్న మాట వినపడింది.

అప్పటిదాకా ఆ మాట ఆ గొంతులో నేను విన్నది ఒక్క తీరుగానే, పెద్దమ్మా ఆకలి అని. అవతల తోడికోడలు లేచింది. గిన్నె మూత తీసిన చప్పుడు, పిల్ల పీట లాక్కున్న చప్పుడు. బంగాళాదుంపలు వేయించింది, వాసన ఇటు వస్తోంది. గువ్వ నా దగ్గర బంగాళాదుంప ముట్టేది కాదు. ఆ పూట రెండోసారి పెట్టించుకుంది. ఆ కలిపిన అన్నం నేనే తిన్నాను, పారేయలేక.

"ఇవాళ సెలవు రోజు, సర్వే వాళ్ళు రారులే. అందరూ ఇటే తినేయండి," అన్నానొకసారి.

"వండేశానక్కా," అంది తోడికోడలు.

కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఆ మాట అనే హక్కు నాదొక్కదానిదే. ఎవరు ఆలస్యంగా వచ్చినా, అలిగినా, బయట తిందామన్నా, వండేశాను అంటే ఇక తిరుగులేదు. ఇప్పుడు నా గిన్నెల మీద నేనే మూతలు పెట్టుకున్నాను. ఆ వారంలోనే మరిది కిరోసిన్ స్టవ్వు వాసన భరించలేకపోతున్నామని కొత్త గ్యాసు పొయ్యి తెచ్చి వసారాలో పెట్టాడు. మా ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు, అట్టలు కోసుకోవడానికి షాపులోకి వెళ్ళిపోయాడు. గువ్వ కొన్నాళ్ళు నిద్ర మాత్రం నా పక్కలోనే పోయేది. వానలు ముదిరాక, కబుర్లు వింటూ అటే నిద్రపోయిందని తోడికోడలు చెప్పేది. నిద్రపోయిన పిల్లని ఎవరు కదుపుతారు.

ఫ్లాట్ల కబురు పట్టుకుని వచ్చింది కూడా ఆ సర్వే అమ్మాయే. మొహం వెలిగిపోతోంది. రెండూ మంజూరయ్యాయంది. అత్తగారు ఆ అమ్మాయి గడ్డం పట్టుకుని ముద్దుపెట్టుకుంది.

"ఇంకో మాట," అంది ఆ అమ్మాయి గొంతు తగ్గించి. "మామూలుగా అన్నదమ్ములకి పక్కపక్కనే ఇస్తారు. మీ సంగతి విన్నాను కదా, నాకు మనసొప్పలేదు. నేనే పైవాళ్ళతో మాట్లాడి మార్పించాను. ఒకటి ఊరికి ఈ చివర, ఇంకోటి ఆ చివర. ఇక మీరు ఒకళ్ళకొకళ్ళు ఎదురుపడే పనే లేదు. ప్రశాంతంగా ఉండండి."

మంచి పిల్ల. ఆ అమ్మాయి మీద కోపం తెచ్చుకుందామని ఎన్నిసార్లు ప్రయత్నించానో, రాలేదు. పరాయివాళ్ళ కోసం అంత తిరిగేవాళ్ళు ఎంతమంది ఉంటారు?

ఆ అమ్మాయి వెళ్ళాక అత్తగారు షాపులో అట్టలు నొక్కే ప్రెస్సు పక్కనున్న స్టూలు మీద కూలబడింది. "నా నోరు పడిపోను," అంది. ఇంకేమీ అనలేదు. ఆవిడ ఒక్క మాటతో ఆగడం నేనెప్పుడూ చూడలేదు.

మా ఆయన తక్కువ మాటల మనిషి. సాయంత్రం షాపు తలుపులు వేశాక అందర్నీ కూర్చోబెట్టాడు. "రేపెళ్ళి నిజం చెప్పేద్దాం. విడిపోలేదు, ఆశపడి అబద్ధమాడాం అందాం. ఒక్క ఫ్లాటే ఇవ్వనీ. ఇరుగ్గా ఉంటే ఉంటాం. ఏమంటావురా?"

"నీ మాటే అన్నయ్యా," అన్నాడు మరిది. "వదిన చేత చెప్పిద్దాం. మనం నోరు తెరిస్తే ఉన్నదీ పోతుంది."

తోడికోడలు కొత్త పొయ్యి తుడుస్తోంది. అప్పటికే అద్దంలా ఉన్నదాన్ని ఇంకా తుడుస్తోంది. మౌనం అర్ధాంగీకారం అన్నారు. ఎవరన్నారో గానీ, ఇంట్లో ఆడదాని మౌనం చూసి మాత్రం అనలేదు. నాకు ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్ర పట్టింది. మళ్ళీ ఒకటే వంటగది, గువ్వ మళ్ళీ నా పక్కలోకి వస్తుంది. ఇరుకైతే మరీ మంచిది అనుకున్నాను.

మర్నాడు కుండపోత. అత్తగారిని ఇంట్లోనే ఉంచి బయల్దేరాం. బడి సెలవిచ్చారు, గువ్వ కూడా వెంట వచ్చింది. యూనివర్సిటీ గేటు దగ్గర మగవాళ్ళని పాసుల కోసం ఆపి, ఆడవాళ్ళని ముందు పంపించారు. పైన ఆఫీసు ముందు పొడుగాటి వసారా, గోడ పొడవునా బెంచీలు. తడిసిన గొడుగు కాళ్ళ దగ్గర పెట్టుకుని నేనూ తోడికోడలూ కూర్చున్నాం. గువ్వ తెల్లరాళ్ళ మీద మాత్రమే అడుగు పడేలా గెంతుతోంది.

"అక్కా, ఒక్క మాట," అంది తోడికోడలు.

"చెప్పు."

"చెప్పొద్దు."

"ఏం చెప్పొద్దు?"

"నిజం."

ఆమె నావైపు చూడటం లేదు, పిల్లవైపు చూస్తోంది. "ఆ రోజు సర్వే అమ్మాయితో నేనన్న మాట విన్నావుగా."

"నటనే కదా అది," అన్నాను. నటనే అంటుందని చూశాను. అనలేదు.

"తప్పు నీది కాదు. నువ్వు లేకపోతే అది బతికేదే కాదు, నాకు తెలుసు. తెలుసు కాబట్టే ఇన్నేళ్ళూ నోరెత్తలేదు. జ్వరమొస్తే నిన్నే కలవరించేది. దెబ్బ తగిలితే నా పక్కనుంచే నీ దగ్గరికి పరిగెత్తేది. ఆ పొయ్యి పెట్టాకే అక్కా, నా కూతురు నన్ను ఆకలేస్తోందని అడిగింది. మొదటిసారి. మళ్ళీ ఒక్క వంటగదైతే అది నీ దగ్గరికే వస్తుంది. నేను ఆపలేను. నువ్వాపినా ఆగదు."

"అందుకని ఊరి ఆ చివరికి పట్టుకుపోతావా?"

"సెలవులకి పంపిస్తాను."

"సెలవులకా," అన్నాను.

నోరు నాకు తక్కువేం కాదు. సీసాతో పాలు పట్టిందెవరు, దాని మొదటి అడుగు ఎవరివైపు పడింది, కుచ్చు జడ వేయడం నీకొచ్చా, అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. అన్నీ నిజాలే. అడిగి ఉంటే ఆమె కాదనేది కూడా కాదు. ఆమె చేతులు చూశాను. పొయ్యి దగ్గర కొత్తగా కాలిన మచ్చలున్నాయి, రెండో మూడో. వంట అలవాటు లేని చేతులు. వాటికి మందు రాయమని కూడా నాకెవరూ చెప్పలేదు.

అంతలో, మగవాళ్ళు ఇంకా పైకి రాకముందే, లోపలికి పిలిచారు. గువ్వ పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. నా చెయ్యే పట్టుకుంది.

లోపల బల్ల వెనక కళ్ళజోడు పెద్దాయన, పక్కన సర్వే అమ్మాయి. మమ్మల్ని చూసి ఆ అమ్మాయి చిరునవ్వుతో లేచింది. తర్వాత గువ్వ చెయ్యి చూసింది, అది ఎవరి చేతిలో ఉందో చూసింది. నవ్వు తగ్గింది.

"మాటల్లేవన్నది వీళ్ళకేనా?" అన్నాడు పెద్దాయన.

"వీళ్ళకే సార్." ఆ అమ్మాయి వచ్చి గువ్వ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. గొంతు మెత్తగానే ఉంది. "పాపా, నువ్వు అన్నం ఎక్కడ తింటావు?"

ఇక నేను చెప్పాల్సిన పని కూడా లేదు. పిల్ల చెప్పే ఒక్క ముక్కతో తేలిపోతుంది. తోడికోడలు నా వెనకే నిలబడింది. గువ్వ మొహమెత్తి నావైపు చూసింది, ఏం చెప్పను అన్నట్టు. ఏ కొత్త మనిషి ఏమడిగినా అది ముందు నావైపే చూసేది.

నేను దాని చెయ్యి వదిలాను.

అది ఒక్క క్షణం ఖాళీ చేతిని చూసుకుంది. తర్వాత వెనక్కి నడిచి వాళ్ళమ్మని ఆనుకుని నిలబడింది.

"మా అమ్మ దగ్గర," అంది.

"మరి పెద్దమ్మ దగ్గర తినవా?"

"పెద్దమ్మ నాకు అన్నం పెట్టదు."

గొంతు వణకలేదు. కళ్ళు దించలేదు. పెద్దాయన కాగితాలు పక్కకి జరిపి, "అయితే మీరు ఏం చెప్పాలని వచ్చారమ్మా?" అన్నాడు నాతో.

"తాళాలు ఎప్పుడిస్తారో కనుక్కుందామని," అన్నాను.

సర్వే అమ్మాయి గువ్వ తల నిమిరి, లేచి నావైపు చూసింది. పసిపిల్లకి అన్నం పెట్టని మనిషిని ఎలా చూస్తారో అలాగే చూసింది. తప్పు పట్టలేదు నేను. పిల్ల అంత నమ్మకంగా చెప్పింది మరి. చురుకైనది. నేనే పెంచాను దాన్ని.